ఇప్పుడు దాచుకున్న సొంత రక్తం అరవైలో ఎక్కించుకుంటే వయసు ఆగుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 29 ఏళ్ళు, ఏ జబ్బూ లేదు. ఇప్పటినుంచి మూడు నెలలకోసారి రక్తం తీయించి ఫ్రీజర్‌లో దాచుకుంటే, అరవయ్యో ఏట అదే ఎక్కించుకుని ముసలితనాన్ని వెనక్కి నెట్టొచ్చా అని అడిగారు. సొంత రక్తమే కాబట్టి రియాక్షన్ల గొడవ ఉండదు కదా అన్నారు. చివర్లో ఒకే ఒక్క వాక్యం: నాన్నగారికి 61, ఈమధ్య మరుపు ఎక్కువైంది, ఈలోగా మీ ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే పసుపుపచ్చటి ద్రవం, ఆయనకి ఇవ్వొచ్చా అని. మీ మనసులో ఉన్న అసలు ప్రశ్న అదేననిపించింది. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నేను 31 ఏళ్ళు బ్లడ్ బ్యాంకుల్లో పనిచేసి రిటైరైన డాక్టర్ని. సూటిగా చెప్తాను బాబూ, దాచుకున్న రక్తం మీ వయసు తగ్గించదు. అలాగని మీ ఆలోచన పిచ్చిదేం కాదు. దాని వెనక మంచి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి చేసిన పని ఉంది. మీ పథకం ఎక్కడ తప్పుతుందో ఆ పనిలోనే కనిపిస్తుంది కూడా.

రెండు జంతువుల్ని పక్కపక్కన చర్మంతో కలిపి కుట్టి, ఒకే రక్తం రెండింట్లోనూ తిరిగేలా చేసే పద్ధతి 1864లో ఫ్రాన్స్‌లో పాల్ బెర్ట్ మొదలుపెట్టారు. 1950ల్లో అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీలో క్లైవ్ మెకే ముసలి ఎలుకనీ పడుచు ఎలుకనీ అలా జతచేసి చూశారు. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో థామస్ రాండో, ఐరీనా కాన్‌బాయ్, మైకేల్ కాన్‌బాయ్ వాళ్ళ బృందం మళ్ళీ ఆ పని చేస్తే, ముసలి చిట్టెలుకల్లో కండరం గాయాన్ని బాగుచేసుకునే శక్తి తిరిగి పుంజుకుంది. 2014లో టోనీ విస్-కోరే, సాల్ విలెడా బృందం కుట్టే పని కూడా లేకుండా, మూడు నెలల చిట్టెలుకల ప్లాస్మాని 18 నెలల వాటికి సూదితో ఎక్కించింది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో అవి మెరుగ్గా చేశాయి. ప్రపంచమంతా పాకిన వార్త అదే. మీరు చదివింది దాని కొనసాగింపే అయ్యుంటుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. జతకుట్టిన ముసలి ఎలుకకి దొరికింది పడుచు రక్తం ఒక్కటే కాదు. పడుచు కాలేయం దాని రక్తాన్ని రాత్రింబవళ్ళు శుభ్రం చేసింది. పడుచు మూత్రపిండాలు వడకట్టాయి. పడుచు ఊపిరితిత్తులు గాలి అందించాయి. మరి ఫలితంలో రక్తం వాటా ఎంత, అవయవాల వాటా ఎంత? కాన్‌బాయ్ బృందం ఈ చిక్కు విప్పడానికి 2016లో కుట్లు లేకుండా, రక్తాన్ని మాత్రమే గొట్టాల ద్వారా అటూ ఇటూ మార్చింది. పడుచు రక్తం ముసలి వాటికి చేసిన మేలు కంటే, ముసలి రక్తం పడుచు వాటికి చేసిన కీడు ఎక్కువగా కనిపించింది. 2020లో ఇంకో అడుగు వేశారు. ముసలి చిట్టెలుకల ప్లాస్మాలో సగం తీసేసి, ఆ చోట ఉప్పునీళ్ళూ ఆల్బుమిన్ ప్రోటీనూ నింపారు. పడుచు రక్తం చుక్క కూడా ఇవ్వలేదు. అయినా కండరం, కాలేయం, మెదడు కోలుకున్న తీరు దాదాపు పడుచు రక్తంతో జతచేసినప్పటిలాగే వచ్చింది.

అంటే పాత రక్తంలో పేరుకున్న వాటిని పల్చన చేయడంలోనే చాలా వరకు మేలు ఉందన్నమాట. మీరు దాచుకోవాలనుకుంటున్న ఆ అమూల్యమైన పదార్థం ప్రయోగంలో లేకపోయినా ఫలితం వచ్చింది. ఇంకోపక్క, 2014లోనే కీవ్ నగరంలోని పరిశోధకులు ముసలి చిట్టెలుకలకి పడుచు ప్లాస్మా పదేపదే ఎక్కించి ఎంతకాలం బతుకుతాయో లెక్కకట్టారు. ఆయుష్షు పెరగలేదు. మూడు నెలలు జతగా ఉంచి విడదీసిన ముసలి చిట్టెలుకలు కొంత ఎక్కువకాలం బతికాయని 2023లో హార్వర్డ్‌కి చెందిన వాదిమ్ గ్లాడిషెవ్, ఆయన సహచరులు చూపించిన మాట నిజమే. అది కుట్టిన జత, మూడు నెలలపాటు పడుచు అవయవాల సాయం అందింది. సీసాలోనో సంచిలోనో దాచిన రక్తానికి ఆ ఫలితాన్ని అన్వయించలేం.

ఇప్పుడు మీ సంచి దగ్గరికి వద్దాం. రక్తం అనగానే మనకి కనిపించేది ఎరుపు. ఎర్రకణం ఒంట్లో బతికేది సుమారు 120 రోజులు. అరవై ఏళ్ళ మనిషి ఒంట్లో అరవై ఏళ్ళ ఎర్రకణం ఒక్కటీ ఉండదు, నాలుగు నెలలు దాటింది దొరకడమే అరుదు. ప్లేట్‌లెట్లు పది రోజులకి మించవు. మీ నాన్నగారి ఎర్రకణాల వయసూ మీ ఎర్రకణాల వయసూ ఒకటే. తేడా అంతా వాటిని పుట్టించే మూలుగలో, ప్లాస్మాలోకి ప్రోటీన్లు వదిలే కాలేయంలో, కొవ్వులో, రోగనిరోధక కణాల్లో ఉంది. రక్తం ఆ అవయవాల మధ్య రోజూ నడిచే రవాణా. ఇవాళ్టి రవాణాలో కొంత పట్టి దాచినంత మాత్రాన, ముప్ఫై ఏళ్ళ తర్వాత సరుకు పంపేవాళ్ళు మారిపోరు.

లెక్క వేసి చూద్దాం. 350 మిల్లీలీటర్ల సంచి నుంచి మాకు ప్లాస్మా సుమారు 200 మిల్లీలీటర్లు వస్తుంది. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో ప్లాస్మా మూడు లీటర్ల దాకా ఉంటుంది. ఒక్కసారి మొత్తం మార్చాలంటే 15 సంచులు కావాలి. మన దేశంలో మగవాళ్ళు 90 రోజులకోసారే రక్తం ఇవ్వొచ్చు, అంటే నాలుగేళ్ళ పొదుపు ఒక్క పూటకి అయిపోతుంది. ఆ పూటైనా మొత్తం మారదు. ఎక్కుతున్నదీ పోతున్నదీ కలిసిపోతూ ఉంటాయి కాబట్టి మూడు లీటర్లు మార్చినా పాతదాంట్లో పోయేది మూడింట రెండొంతుల లోపే. ఎక్కినదాంట్లో ఎక్కువకాలం నిలిచేవాటిలో ఒకటి ఆల్బుమిన్, దానిలో సగం మూడు వారాల్లోపే పోతుంది. మేలు చేస్తాయని శాస్త్రవేత్తలు వెతుకుతున్న చిన్న చిన్న సంకేత ప్రోటీన్లు చాలామటుకు గంటల్లోనే మాయమవుతాయి. చిట్టెలుకలకి 24 రోజుల్లో ఎనిమిది సార్లు, ప్రతిసారీ వాటి ప్లాస్మాలో పదో వంతు దాకా ఎక్కించారు. ఆ లెక్కన మనిషికి మూడు రోజులకోసారి 300 మిల్లీలీటర్లు. అది నెలరోజుల ప్రయోగం. మీకు కావలసింది ఇరవై ముప్ఫై ఏళ్ళ జీవితం.

అన్నీ సమకూరాయనుకున్నా దాచడం అంత తేలిక కాదు. మామూలు సంచిలో రక్తం ఫ్రిజ్‌లో 35 రోజులు, ప్రత్యేక ద్రావణం కలిపితే 42 రోజులు ఉంటుంది. ప్లేట్‌లెట్లు ఊగే యంత్రం మీద ఐదు రోజులే. ప్లాస్మాని మైనస్ 30 డిగ్రీలకి దిగువన మన నిబంధనల ప్రకారం ఏడాది ఉంచుతాం. ఎర్రకణాల్ని మాత్రం గ్లిజరాల్ కలిపి మైనస్ 80లో పదేళ్ళు దాచొచ్చు. 37 ఏళ్ళ వరకు దాచినవాటిని అమెరికా నౌకాదళం పరిశోధకులు కరిగించి పరీక్షించారు కూడా. కాబట్టి టెక్నాలజీ లేదని చెప్పను. కానీ అలా కరిగించాక ఉప్పునీటితో, దాని గాఢత మెల్లమెల్లగా తగ్గిస్తూ కడగాలి, లేకపోతే కణాలు పగిలిపోతాయి. కడిగాక మామూలుగా 24 గంటల్లో వాడేయాలి. ఈ శ్రమ బాంబే గ్రూపు లాంటి అరుదైన రక్తం ఉన్నవాళ్ళకి తగినదే. 1952లో బొంబాయిలో బయటపడిన ఆ గ్రూపు వాళ్ళకి ఇంకో బాంబే గ్రూపు రక్తం తప్ప ఏదీ సరిపడదు. మా దగ్గర ఆ సదుపాయం లేక, అర్ధరాత్రి ఫోన్ల మీద ఫోన్లు చేసి దాతని వేరే జిల్లా నుంచి రప్పించిన రోజులున్నాయి.

రక్తం పాతబడటం నేను కళ్ళారా రోజూ చూశాను. సంచికి అంటిపెట్టుకుని ఒక సన్నటి గొట్టం ఉంటుంది, దాన్ని ముక్కలు ముక్కలుగా సీలు వేసి ఉంచుతాం. సంచి బయటికి పంపేముందు ఆ గొట్టాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని చూసేదాన్ని. కణాలు అడుగున దిగి, పైన ప్లాస్మా గడ్డిరంగులో పసుపుపచ్చగా తేలితే బాగున్నట్టు. ఆ పసుపులో గులాబిరంగు జీర కనిపిస్తే కణాలు పగులుతున్నట్టు, సంచి పక్కన పెట్టేసేవాళ్ళం. కంటికి కనిపించని మార్పులు అంతకంటే ముందే మొదలవుతాయి. కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది, గుండ్రంగా పళ్ళెంలా ఉండే కణం ముళ్ళకాయలా మారుతుంది, ఆక్సిజన్‌ని వదిలే గుణం తగ్గుతుంది. ఇదంతా ఆరు వారాల్లోపే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు నేను అక్కడే ఒక బ్లడ్ బ్యాంకులో ఉన్నాను. కరెంటు పోయింది, జనరేటర్‌కి డీజిల్ అయిపోవచ్చింది, రోడ్ల మీద చెట్లు పడి ట్యాంకర్ రాలేదు. డీప్ ఫ్రీజర్ తలుపు తెరవకుండా దాని మీద దుప్పట్లు కప్పి, లోపలి ఉష్ణోగ్రత బయటికి చూపించే అంకెల ముందు టార్చిలైటుతో కూర్చున్నాం. మైనస్ 34, మైనస్ 31, మైనస్ 27. తెల్లారేసరికి ఆ ఫ్రీజర్‌లోని ప్లాస్మా మొత్తం పారేయాలని తేలిపోయింది. ఎవరెవరో ఇచ్చిన రక్తం అది. కొందరి పేర్లు నాకు గుర్తున్నాయి. ఆ సంచుల్ని పసుపు బక్కెట్లలో వేస్తుంటే మా టెక్నీషియన్ అబ్బాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ నిల్వ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ అంకెలే. ఎంత మంచి సంస్థైనా ముప్ఫై ఏళ్ళు ఒక్క రాత్రి కూడా తప్పకుండా చలి నిలబెట్టాలి.

సొంత రక్తం దాచుకుని ఎక్కించుకున్నవాళ్ళు లేకపోలేదు. ఎయిడ్స్ భయం కమ్మేసిన 1980ల్లో ఆపరేషన్‌కి ముందు తమ రక్తం తామే దాచుకోవడం చాలా దేశాల్లో మామూలైంది. అది నిజంగా పనికొచ్చిన వాడకం, ఇప్పటికీ కొన్ని ఆపరేషన్లకి చేస్తాం. ఇంకోరకం వాళ్ళు క్రీడాకారులు, ముఖ్యంగా సైకిల్ పందేల వాళ్ళు. పోటీకి కొన్ని వారాల ముందు రక్తం తీయించుకుని పోటీనాడు ఎక్కించుకునేవారు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2013లో తను రక్తం ఎక్కించుకున్నానని ఒప్పుకున్నాడు. దమ్ము పెరిగింది, నిజమే. ఎర్రకణాలు ఎక్కువైతే ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. కొద్ది వారాల్లో ఆ కణాలు చచ్చి ఒళ్ళు మామూలైంది. చిక్కబడ్డ రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం వాళ్ళ వెంటే ఉంది.

మనుషుల్లో పడుచు ప్లాస్మా సంగతి చూస్తే, కాలిఫోర్నియాలో ఆంబ్రోసియా అనే కంపెనీ 16 నుంచి 25 ఏళ్ళ వాళ్ళ ప్లాస్మా లీటరు 8,000 డాలర్లకి ఎక్కించేది. 2019 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, దీనివల్ల మేలు ఉందని రుజువు కాలేదనీ హాని ఉండొచ్చనీ హెచ్చరించాక ఆ కంపెనీ వైద్యం ఆపేసింది. 2023లో బ్రయాన్ జాన్సన్ అనే కోటీశ్వరుడు 17 ఏళ్ళ కొడుకు ప్లాస్మా ఎక్కించుకున్నాడు. రకరకాల పరీక్షలు చేయించుకుని, మేలేమీ కనిపించలేదని తనే చెప్పి మానేశాడు. ఇవి కంపెనీల, వ్యక్తుల కథలు. పద్ధతిగా చేసిన ప్రయోగం స్టాన్‌ఫర్డ్‌లో, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్న 18 మందితో. అందరూ తట్టుకున్నారు. జ్ఞాపకశక్తి మాత్రం చెప్పుకోదగ్గట్టు మెరుగవలేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఒప్పించింది 2017లో స్వీడన్, డెన్మార్క్ వాళ్ళు చేసిన లెక్క. రక్తం ఎక్కించుకున్న 9 లక్షల 68 వేల మంది రికార్డులు తీసి, పడుచు దాతల రక్తం అందినవాళ్ళు ఎక్కువకాలం బతికారా అని చూశారు. దాత వయసుకీ రోగి బతుకుకీ సంబంధం కనిపించలేదు. మా అనుభవమూ అదే. ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపుల్లో ఇరవై ఏళ్ళ పిల్లలు ఇచ్చిన సంచులు తుంటి విరిగిన డెబ్బై ఏళ్ళ మామ్మలకి ఎక్కించాం. ఆయాసం తగ్గింది, మొహంలో రంగు వచ్చింది. కొన్నాళ్ళకి ఆ రంగు మళ్ళీ వాళ్ళ మూలుగ ఎంత రక్తం చేయగలిగితే అంతకే వచ్చి ఆగింది.

తలసీమియా, అంటే పుట్టుకతోనే ఒంట్లో సరిగ్గా రక్తం తయారుకాని జబ్బు, ఉన్న పిల్లల్ని చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మూడు నాలుగు వారాలకోసారి, జీవితాంతం, ఎక్కువగా పడుచువాళ్ళ రక్తమే వాళ్ళకి ఎక్కుతుంది. ఒక్కో సంచితో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి పోతుంది. ఒంటికి రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములకి మించి బయటికి పంపే దారి లేదు. మందులతో తీయకపోతే ఆ ఇనుము గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో చేరి పదిహేనేళ్ళ పిల్లవాడి గుండెని ముసలివాడి గుండెలా చేస్తుంది. నాకు బాగా దగ్గరైన ఒక పాప, వచ్చినప్పుడల్లా తెల్లగా పాలిపోయిన గోళ్ళు నాకు చూపించేది. రక్తం ఎక్కాక మళ్ళీ వచ్చి, ఎర్రబడ్డ గోళ్ళు చూపించి వెళ్ళేది. ఆ ఎరుపు మూడు వారాలే ఉండేది. మీరు మూడు నెలలకోసారి రక్తం ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నారు కదా, అది ఇలాంటి పాప కోసం ఇవ్వండి. మీ సంచి 35 రోజుల్లోపే ఎవరో ఒకరికి చేరుతుంది.

రక్తం బదులు, మూలుగలో దాన్ని పుట్టించే మూలకణాలు దాచుకుంటే అని మీకు అనిపించొచ్చు. ముసలి మూలుగ చోట పడుచు మూలుగ పెట్టాలంటే ముందు ఉన్నదాన్ని కీమోతో చంపాలి. రక్త క్యాన్సర్‌కి అయితే ఆ ప్రమాదానికి సిద్ధపడతాం, వయసు కోసం ఏ డాక్టరూ చేయరు. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తం రేపు వాడికే పనికొస్తుందని దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల్లో రాసింది. ఆ కంపెనీల ఫోన్లు వస్తే ఇది గుర్తుంచుకోండి.

నాకు ఆశ ఉన్న దారి వేరే ఉంది. ప్లాస్మా తీసేసి ఆల్బుమిన్ నింపే పద్ధతిని అల్జీమర్స్ రోగుల్లో పరీక్షించారు, కొంత ప్రోత్సాహకరంగా ఉంది, ఇంకా రుజువు కావాలి. విలెడా బృందం 2020లో ఇంకో మంచి విషయం చూపించింది. చక్రం మీద పరుగెత్తిన చిట్టెలుకల ప్లాస్మాని, కదలకుండా ఉన్న ముసలి వాటికి ఎక్కిస్తే మెదడు మెరుగైంది. పరిగెత్తినప్పుడు కాలేయం చేసే ఒక ప్రోటీన్ అందులో ఉంది. రక్తంలో మంచి గుణం ఏదైనా ఉంటే అది ఆరోజు అవయవాలు చేసిన పని నుంచే వస్తోందని నాకు దాంతో ఇంకా గట్టిగా అనిపించింది.

ఇక నాన్నగారు. మీ రక్తం ఆయనకి వద్దు బాబూ, దీంట్లో మొహమాటపడకుండా చెప్తున్నాను. కొడుకు రక్తంలోని తెల్లకణాల్ని తండ్రి ఒళ్ళు పరాయివని గుర్తుపట్టలేని పరిస్థితి రావచ్చు. అప్పుడు ఆ కణాలు లోపల పెరిగి ఆయన చర్మం, పేగులు, కాలేయం, మూలుగ మీదే దాడి చేస్తాయి. వారం రెండు వారాల తర్వాత జ్వరం, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు, విరేచనాలతో మొదలవుతుంది. అరుదే, కానీ వచ్చిన వాళ్ళలో వందకి తొంభై మందికి పైగా బతకరు. దగ్గరి బంధువు రక్తం తప్పనిసరైతే ఆ సంచికి రేడియేషన్ ఇచ్చి మరీ వాడేది అందుకే. ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఉంచిన ప్లాస్మాలో ఈ భయం చాలా తక్కువ. అందులోనూ అలర్జీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, గుండెకి భారం కావడం ఉన్నాయి. రుజువు లేని మేలు కోసం 61 ఏళ్ళ మనిషిని ఆ ప్రమాదంలోకి నెట్టకండి.

మరుపు ఎందుకొచ్చిందో ముందు కనుక్కోండి. మన ఇళ్ళల్లో బి12 లోపం చాలా చూశాను, ముఖ్యంగా మాంసం తిననివాళ్ళలో, ఏళ్ళ తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళలో, రోజూ పొద్దున్నే గ్యాస్ టాబ్లెట్ మింగేవాళ్ళలో. థైరాయిడ్ తక్కువైనా మరుపు వస్తుంది. బీపీ మందుల్లో కొన్నిటివల్ల సోడియం పడిపోయినా మనిషి మందకొడిగా అవుతారు. రాత్రి గట్టిగా గురకపెట్టి ఊపిరి ఆగి ఆగి లేస్తున్నారా అని అమ్మగారిని అడగండి. చెవులు సరిగ్గా వినపడక జవాబు చెప్పకపోతే మర్చిపోయారనుకుంటాం, అదీ చూడండి. రిటైరయ్యాక దిగులు పట్టుకున్నా మరుపులాగే కనిపిస్తుంది. ఆయన వేసుకునే మందులన్నీ, నిద్రమాత్రతో సహా, ఒక సంచిలో వేసుకుని న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. బి12, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, సోడియం, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఈ వారంలోనే చేయించండి. ఇవన్నీ ఒకే రక్తపు శాంపిల్‌తో అయిపోతాయి, చిన్న గొట్టాల్లో పట్టే కొద్దిపాటి రక్తం చాలు. రిపోర్టులు వచ్చాక నాకు రాయండి, చూస్తాను.